నాలాలో నీళ్ళు, నల్లాలో నిల్

అక్టోబర్‌లో హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్ళాలని మా బావమరిది ఏడాదిగా ప్రాణం తీశాడు. నోయిడాలో ఉద్యోగం, కొత్త డీజిల్ కారు, కాళ్ళు ఒకచోట నిలవవు. వాడు చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. కుంజుం కనుమ మీద మంచు పడిందంటే మనాలి వైపు నుంచి స్పితిలోని పెద్ద ఊరు కాజాకి దారి మళ్ళీ వేసవి దాకా ఉండదు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే. అక్టోబర్ ఆఖర్లో మూస్తారో, నవంబర్‌లో మూస్తారో ఆ మంచు దయ. అందుకని దసరా మర్నాడే నోయిడా నుంచి బయల్దేరాం, నేనూ మా ఆవిడా వాడూ.

మనాలి దాకా చెప్పుకోవడానికేం లేదు, కుల్లూలో రెండు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం తప్ప. మనకి దసరా అయిపోయిన రోజున వాళ్ళకి మొదలవుతుందని అక్కడికి వెళ్ళాక తెలిసింది. మనాలిలో రూము 1,800. ట్యాంకు నిండా డీజిల్ అక్కడే కొట్టించుకోండి, ఈ దారిలో మళ్ళీ బంకు కాజాలోనే.

వేసవిలో వెళ్ళొచ్చినవాళ్ళు తెల్లారకముందే బయల్దేరమంటారు. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి, రోడ్డుకి అడ్డంగా పారే నాలాలు పొంగుతాయి కాబట్టి వాళ్ళకి అది సరే. అక్టోబర్‌లో లెక్క తిరగబడుతుంది. నాలాల్లో నీళ్ళు తగ్గిపోతాయి గానీ, ఆ కాసిని నీళ్ళూ రాత్రికి రోడ్డు మీదే గడ్డకట్టేస్తాయి. టీ కొట్టతను ఎండ పడ్డాక వెళ్ళమన్నా మావాడు వినలేదు, ఆరింటికే తీశాడు.

9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ పది నిమిషాల్లో దాటేశాం. 2020లో అది వచ్చాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని లేదు, దాని పర్మిట్ గొడవా లేదు. టన్నెల్ అవతల కుడికి తిరిగి కోక్సర్, గ్రాంఫూ. అక్కడ తారు అయిపోయి, బాతల్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు రాళ్ళ మీద దొర్లడమే. ఛత్రు దాటాక ఒక నాలా దగ్గర రోడ్డు అద్దంలా మెరుస్తోంది. మావాడు దిగి బూటు మడమతో కొట్టి చూశాడు, టక్‌మంది, గీత కూడా పడలేదు. "బావా, కాసేపు ఆగుదాం" అన్నాడు, అరగంట ముందు నన్ను పిరికివాడన్న నోటితోనే. గంటా పావు ఆగాం. ఎండ కొండ దిగి రోడ్డు మీదకి రాగానే మంచు చిటపటమని పగిలింది, నీళ్ళు కదిలాయి, ఫస్ట్ గేర్‌లో దాటాం.

బాతల్‌లో చాచా చాచీల ధాబా. మంచులో చిక్కుకున్నవాళ్ళని రోజుల తరబడి ఉంచుకుని అన్నం పెట్టినవాళ్ళుగా వాళ్ళకి పేరు. రాజ్మా అన్నం ప్లేటు 150, అన్నం మళ్ళీ మళ్ళీ వడ్డించారు. కుంజుం మీద, 4,551 మీటర్ల ఎత్తున, అందరిలాగే కారుతో అమ్మవారి గుడి చుట్టూ ప్రదక్షిణ చేశాం. మా ఆవిడ బ్యాగు తెరిస్తే ఆ ఎత్తుకి గోంగూర పచ్చడి ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బి ఉంది. "ముట్టుకోకండి, పేలుతుంది" అని దాన్ని కిందున్న లోసర్ ఊరి దాకా చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇక కాజా లాడ్జి. రెండు రాత్రులకి 7,000, మొత్తం ఫోన్‌పేలో ముందే తీసుకున్నాడు లాడ్జివాడు. గీజరుంది, హీటరుంది, రెస్టారెంటుంది అన్నాడు. ఏదీ అబద్ధం కాదు. గీజరుంది, నీళ్ళు లేవు. నల్లా తిప్పితే గుర్రుమని గాలి వచ్చింది. పైపులు గడ్డకట్టి పగలకుండా చలికాలానికి ముందే నీళ్ళు ఖాళీ చేసేస్తారట. సరే, ఊరంతా అంతేనేమో. ఆ ముక్క డబ్బులు తీసుకునేముందు చెప్పాలి కదా! వేడినీళ్ళు బకెట్టు 100. ముగ్గురికి రెండు బకెట్లు పెట్టుకుని, ఎవరు ఎన్ని చెంబులు పోసుకున్నారో లెక్కపెట్టుకున్నాం.

హీటరుకి రాత్రికి 500 విడిగా. కట్టాం. ఎనిమిదింటికి కరెంటు పోయింది. జనరేటర్ రిసెప్షన్ వరకేనట! రెస్టారెంటులో వంటతను సీజన్ అయిపోయిందని వారం కిందటే ఊరికి పోయాడు. బజారులో సగం షట్టర్లు దించేసి ఉన్నాయి, మిగిలిన ఒక్క హోటల్లో మ్యాగీ దొరికింది. మా ఆవిడకి ఎత్తు పడక తలనొప్పి, పైగా చలి. మూడు దుప్పట్లు కప్పుకుని, రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అంది: "ఏవండీ, ఆ లాడ్జివాడు రిసెప్షన్‌లో పడుకున్నాడా?" వెళ్ళి చూశాను. హీటరు ముందే పడుకున్నాడు.

పొద్దున రెండో రాత్రి డబ్బులు 3,500 తిరిగి ఇమ్మంటే "పాలసీ లేదు" అన్నాడు. మా ఆవిడకి తలనొప్పి తగ్గాక, వదిలేసి లాంగ్జా అనే ఊరికి వెళ్ళిపోయాం. కాజా కంటే ఇంకా ఎత్తు, గట్టిగా చలి, బుద్ధుడి పెద్ద విగ్రహం, వెనక తెల్లటి శిఖరం. ఒక ఇంట్లో మనిషికి 1,000, రెండు పూటలా తిండితో కలిపి. ఇంటి కప్పు చుట్టూ చలికాలానికి గడ్డి, కట్టెలు, పిడకలు గోడలా పేర్చారు. గది మధ్యలో రేకు పొయ్యి, దాన్ని వాళ్ళు తందూర్ అంటారు. ఇంటావిడ గంటకోసారి వచ్చి, ఏమీ అడక్కుండా, రెండు పిడకలు వేసి వెళ్ళేది. నీళ్ళ సమస్య లేదు, ఎందుకంటే నీళ్ళే అక్కర్లేని మట్టి మరుగుదొడ్డి. మా ఆవిడ మొదట ముఖం చిట్లించింది, తర్వాత "లాడ్జి కంటే నయం" అంది. థుక్పాలో, అంటే వాళ్ళ నూడుల్స్ సూపులో, గోంగూర కలిపి మూడు గిన్నెలు తాగింది. ఇంటావిడా రుచి చూసింది, కళ్ళు మూసుకుని ఒళ్ళు జలదరించినట్టు ఊగింది, మళ్ళీ చెయ్యి చాపింది. ఆ ప్యాకెట్ అక్కడే ఇచ్చేసి వచ్చాం.

తిరుగు ప్రయాణం అదే దారిలో, ఈసారి తొమ్మిదింటికి తీశాం, ఎక్కడా జారలేదు. మొత్తం డీజిల్ 9,400. అక్టోబర్‌లో వెళ్ళేవాళ్ళు కాజాలో రూముకి ముందే డబ్బు కట్టకండి, వెళ్ళి, నల్లా తిప్పి చూసి ఇవ్వండి.

మొన్న మావాడికి ఆ లాడ్జి నుంచి మెసేజ్ వచ్చింది: చలికాలం స్పెషల్ ఆఫర్, 20 శాతం తగ్గింపు, గీజర్ సహా.