ఇంట్లో షుగర్ ఉన్నవారి కోసం డైట్ యాప్ కొంటున్నారా? మా అమ్మకు జరిగింది ముందు చదవండి

ఆహారం, వ్యాయామం లెక్కలు రాసుకునే యాప్‌కు ఏడాది చందా కట్టాలనుకుంటున్నవారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొంటున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్నది తెనాలిలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ కోసం. ₹4,999 పోయింది. అది చిన్న మొత్తమేమీ కాదు, దాని సంగతీ చెబుతాను. కానీ ముందు చెప్పవలసింది వేరే ఉంది. ఆ యాప్ ఇచ్చిన ఆహార ప్రణాళికను తు.చ. తప్పకుండా పాటించిన పదకొండో రోజున అమ్మకు షుగర్ 54కి పడిపోయింది.

అమ్మకు 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. ఉదయం ఎనిమిదింటికి టిఫిన్‌తో పాటు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. నాలుగైదు కిలోలు తగ్గితే మోకాళ్లకు మంచిదని డాక్టరుగారు అన్నారు. అమ్మకూ ఉత్సాహం కలిగింది. నేను బెంగళూరు నుంచి సెలవులకు వెళ్లినప్పుడు ఆమె ఫోనులో యాప్ వేసి వివరాలన్నీ నింపాను. వయసు, ఎత్తు, బరువు అడిగింది. మధుమేహం ఉందా అని అడిగితే ఉందని గుర్తు పెట్టాను. రక్తపరీక్ష రిపోర్టు అడిగితే ఫొటో తీసి ఇచ్చాను. ఏ మాత్రలు వాడుతున్నారని మాత్రం ఎక్కడా అడగలేదు. ఆ లోటు నాకూ తట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే గుండె జల్లుమంటోంది.

వచ్చిన ప్రణాళిక ఇది: రోజుకు 1,200 కేలరీలు, రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు వరకు ఉపవాసం. అంటే పదహారు గంటలు. ఏకాదశి ఉపవాసాలు అలవాటున్న మనిషి కనుక అమ్మకు అది కష్టమనిపించలేదు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే ఎనిమిదింటికి వేసుకుంది. ఒక్క పూట కూడా మాత్ర మానకూడదని డాక్టరుగారు చెప్పిన మాటను పన్నెండేళ్లుగా పాటిస్తున్న మనిషి ఆమె. కాబట్టి రోజూ జరిగింది ఏమిటంటే, మాత్ర వేసుకుని నాలుగు గంటల పాటు ఖాళీ కడుపుతో ఉండడం.

గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. కడుపులోకి తిండి వచ్చిందా లేదా అన్నదానితో వాటికి నిమిత్తం లేదు. అందుకే వాటిని మొదటి భోజనంతో పాటు వేసుకోమంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో షుగర్ ఇలా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ రకం మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా ఒక పూట భోజనం మానడమే ప్రమాదం. 70 కంటే తగ్గితే దాన్ని తక్కువ షుగర్ కిందే లెక్క వేస్తారు.

ఆ రోజు పదకొండున్నర ప్రాంతంలో ఎదురింటి అత్తయ్యగారు కరివేపాకు కోసం వచ్చారు. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. రవిక చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. పలకరిస్తే మాట తడబడుతోంది. ఆవిడ భర్తకు కూడా షుగర్ ఉండడం వల్ల విషయం వెంటనే గ్రహించి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి దగ్గరుండి తాగించి, ఇంట్లో ఉన్న మీటరుతో పరీక్షించారు. 54. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 81. అప్పుడు రెండు ఇడ్లీలు తినిపించి నాకు ఫోన్ చేశారు. ఆవిడకు ఆ పూట కరివేపాకు అవసరం పడకపోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచనతో ఇప్పటికీ నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

మర్నాడు తెనాలి వెళ్లి అమ్మ ఫోను తెరిచాను. ముందురోజు 11.30కి యాప్ నుంచి వచ్చిన సందేశం అలాగే ఉంది. "శభాష్! ఇంకో అరగంటే, ఉపవాసం ఆపకండి" అని, పక్కన ఒక పతకం బొమ్మ. అంతకంటే ఘోరమైనది చాటింగ్‌లో కనిపించింది. అమ్మకు కేటాయించిన 'ఆహార నిపుణురాలి'కి ఆరో రోజునే అమ్మ రాసింది: "పదకొండు దాటితే కళ్లు తిరుగుతున్నాయమ్మా." దానికి జవాబు: "శరీరం అలవాటు పడుతోంది మేడమ్, ఇది మంచి సూచన. నిమ్మరసం తాగండి, చక్కెర వేయకండి."

ఆమె ఏమి చదువుకున్నారు, ఏ అర్హత ఉంది అని నేను మూడుసార్లు అడిగాను. ఇంతవరకు జవాబు లేదు. అదే ప్రశ్న డబ్బు కట్టకముందు అడిగి ఉండవలసింది. మీరు తప్పకుండా అడగండి. చెప్పలేదంటే అక్కడితో ఆపేయండి. అమ్మను చూసే డాక్టరుగారు ప్రణాళిక మొత్తం చదివి, "మాత్ర మోతాదు చూడకుండా ఇన్ని గంటల ఉపవాసం ఎవరు పెట్టించారు?" అని కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది. మొదలుపెట్టేముందే ఆ ప్రణాళికను ఆయనకు చూపించవలసింది.

ఇక లెక్కల సంగతి. మన వంటకాల దగ్గరికి వచ్చేసరికి ఈ యాప్‌లు చెప్పే కేలరీలను కళ్లు మూసుకుని నమ్మవద్దు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. అదే నూరు గ్రాముల అన్నంలో సుమారు 130, ఎందుకంటే మిగతాది నీరు. అమ్మ అన్నం తూచి రాస్తే, మేము వాడిన యాప్ దాన్ని బియ్యంగా లెక్కకట్టింది. ఫలితంగా రోజూ మధ్యాహ్నానికే ఆమె "పరిమితి దాటిపోయినట్టు" ఎర్ర గీత పడేది. పాపం, రాత్రి భోజనం ఇంకా తగ్గించేసేది. మరోవైపు గోంగూర పచ్చడికి అది చూపింది 20 కేలరీలు. పెద్ద చెంచాడు నూనెలోనే సుమారు 120 ఉంటాయి. నూనె లేకుండా గోంగూర పచ్చడి చేసే ఇల్లు తెనాలిలో నేనైతే చూడలేదు. పప్పుకు మూడు రకాల అంకెలు కనిపించాయి. వాటిలో ఒకటి మరోదానికి దాదాపు రెట్టింపు. చాలా యాప్‌లలో ఈ అంకెలను వాడుకరులే చేర్చుతుంటారు కాబట్టి అలా జరుగుతుంది. మన దినుసులకు నమ్మదగిన లెక్క కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలను పరీక్షించి ప్రచురించిన పట్టికలు ఉన్నాయి. యాప్ ఏ పట్టిక ఆధారంగా లెక్క చెబుతోందో అడిగి తెలుసుకోండి.

చేతి గడియారాలు "ఇన్ని కేలరీలు కరిగాయి" అని చెప్పే అంకె కూడా ఇలాంటిదే. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాల పరికరాలను పరీక్షిస్తే గుండె వేగం చాలావరకు సరిగానే వచ్చింది కానీ, కేలరీల లెక్కలో అన్నింటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. నడకకు అవి మంచివే. నడిచాం కదా అని ఆ అంకెను తిండి లెక్కలో కలుపుకోవడం, తీసేయడం మాత్రం చేయకండి.

ఇప్పుడు డబ్బు. ఇది వయసుతో సంబంధం లేకుండా అందరికీ పనికివస్తుంది. తెరమీద పెద్ద అక్షరాలతో "₹1కే ఏడు రోజులు" అని ఉంది. కింద పది నిమిషాల గడియారం వెనక్కి తిరుగుతోంది. యూపీఐ పిన్ కొట్టమంది, కొట్టాను. నేను కడుతున్నది ఒక్క రూపాయి అనుకున్నాను. నిజానికి ఆ పిన్‌తో నేను ఒప్పుకున్నది ఆటోపే. అంటే గడువు దాటగానే నా ఖాతా నుంచి ఏడాదికోసారి డబ్బు తీసుకోవడానికి ముందస్తు అనుమతి. పిన్ అడిగే తెరమీదే, కింద బూడిదరంగు చిన్న అక్షరాలలో మొత్తం, ఎన్నాళ్లకు ఒకసారి, ఎప్పటివరకు అన్నీ ఉంటాయి. తొందరలో చదవలేదు. ₹15,000 లోపు మొత్తాలకు తరువాతి కోతల్లో మళ్లీ పిన్ అడగరు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. నాకూ వచ్చింది, కాదనను. రాత్రి వచ్చిన ఆ ఇంగ్లీషు సందేశం ప్రకటనల మధ్య కలిసిపోయింది.

అన్నింటికంటే ముఖ్యం, యాప్ తీసేస్తే చందా ఆగదు. అమ్మకు కళ్లు తిరగడం మొదలైందని తెలియకముందే, ఐదో రోజున ఖర్చు ఎక్కువనిపించి, డబ్బు కట్టడానికి నా ఫోనులో కూడా వేసుకున్న యాప్‌ను తొలగించి, ఏడు రోజుల తరువాత అదే ఆగిపోతుందనుకున్నాను. ఎనిమిదో రోజు ₹4,999 కోత పడింది. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడి చందాల విభాగంలో రద్దు చేయాలి. నేరుగా యూపీఐతో కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతిని మీరే రద్దు చేయాలి. కంపెనీ ఒప్పుకోవలసిన పని లేదు. ఆ కంపెనీ యాప్‌లో రద్దు మీట కోసం నలభై నిమిషాలు వెతికాను. చివరికి "చాట్‌లో సంప్రదించండి" అన్నారు. సంప్రదిస్తే సగం ధరకు కొనసాగించమన్నారు.

ఇలా చేరడం సులభంగా, బయటపడడం కష్టంగా పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. లేని తొందర పుట్టించే గడియారం కూడా ఆ జాబితాలో ఉంది. ఇదంతా స్క్రీన్‌షాట్లతో సహా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. డబ్బు ఇంకా రాలేదు. మీరు కొనేటప్పుడే ధర కనిపించే తెరను, పిన్ అడిగే తెరను ఫొటో తీసి ఉంచుకోండి. నాకు ధర తెర దొరకలేదు, ఇప్పుడు దానికోసమే వాదన జరుగుతోంది.

రక్తపరీక్ష రిపోర్టులు యాప్‌కు ఇచ్చే విషయంలోనూ తొందరపడకండి. ఈ రంగంలో పేరున్న మైఫిట్‌నెస్‌పాల్ నుంచే 2018లో దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. అమ్మ రక్తపరీక్ష కాగితం తొలగించమని నేను రెండు మెయిళ్లు రాశాను. వాటికీ స్పందన లేదు.

అమ్మ ఇప్పుడు బాగుంది. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకుంటోంది. తిన్నది పాత క్యాలెండరు వెనక రాసుకుంటోంది, నెలకోసారి డాక్టరుగారికి చూపిస్తోంది. మొన్న ఆమె ఫోనులో యూపీఐ ఆటోపే విభాగం తెరిచి చూశాను. భక్తిగీతాల యాప్ ఒకటి ఎనిమిది నెలలుగా నెలకు ₹99 తీసుకుంటోంది. అమ్మకు ఆ సంగతే తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో కూడా ఆ విభాగం ఈ రోజే తెరిచి చూడండి.