పన్నెండు వోల్టుల రైలన్నాడు, నడిమి పట్టీ ఇవ్వలేదు

పాత లెగో రైలు సెట్లు, అంటే ప్లాస్టిక్ ముక్కలు బిగించి కట్టుకునే బొమ్మ రైళ్ళు, అమ్మే ఒక ఆన్‌లైన్ షాపు గురించి ఇది. పేరు రాయట్లేదు, గొడవ సగం తీరింది, మిగతా సగానికి నాకు ఓపిక లేదు. షాపుకి ఐదులో మూడిస్తాను, ఆ మూడులో ఒకటి ప్యాకింగ్‌కే పోతాది, నిజంగా బాగా చుట్టి పంపాడు. రైలుకి మాత్రం ఐదుకి ఐదు. ఆ సంగతి తర్వాత.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా, ఇటేపు మేము ఒడిశా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కోపమొస్తే రెండూ. చిన్నప్పుడు నాకు రైలంటే నౌపడ-గుణుపురం చిన్న రైలే. 1900లో నౌపడ నుంచి మా ఊరిదాకా రాజావారు వేయించిన లైను, 1931కి గుణుపురం చేరింది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే వెడల్పు, అది వెళ్ళే స్పీడుకి మధ్యలో దిగి పనిచూసుకుని మళ్ళీ ఎక్కొచ్చని ఊళ్ళో జోకు. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు, మంచిదే, కానీ ఆ బుల్లి రైలు ఎక్కి టెక్కలి పెళ్ళిళ్ళకి వెళ్ళిన గుంటలకి రైలు బొమ్మల పిచ్చి ఊరికే పోదు కదా. నాకు నలభై దాటాక తిరగబెట్టింది.

కొత్త లెగో రైళ్ళున్నాయి, బ్లూటూత్ రిమోట్‌తోనో ఫోన్లో యాప్‌తోనో నడుస్తాయి, నాకు నచ్చవు. రైలు నడపడానికి ఫోను తియ్యడం ఏటి, సిగ్గు లేదా. పాతవే కావాలి, అందులోనూ ఏ పాతవి అన్నది ముందు తేల్చుకోవాలి, నేను తేల్చుకున్నాననుకునే దెబ్బతిన్నాను. లెగో వాళ్ళు మోటార్ రైలు మొదలెట్టింది 1966లో, నీలం పట్టాలు, నాలుగున్నర వోల్టులు, బ్యాటరీతో. 1969లో పన్నెండు వోల్టులది వచ్చింది, కరెంటు పట్టాల నడిమిన వేసే ఇంకో పట్టీలోంచి. 1980లో పట్టాలు బూడిద రంగుకి మారాయి, సిగ్నళ్ళు, గేట్లు, దారి మార్చే పాయింట్లు దూరం నుంచి మీట నొక్కితే కదిలేవి, రుచి తెలిసినవాళ్ళు దీన్నే బంగారు కాలం అంటారు. 1991లో తొమ్మిది వోల్టులది, ఇక నడిమి పట్టీ గొడవ లేదు, పక్క పట్టాలకే రేకు తొడిగారు, ఇనప చక్రాల్లోంచే మోటార్‌కి కరెంటు. తర్వాత అదీ ఆపేసి మళ్ళీ బ్యాటరీల్లోకి దిగారు. వాడకానికి తొమ్మిది వోల్టులది హాయి, అందానికి 1980ల పన్నెండు వోల్టులది. నేను అందానికి పడ్డాను.

షాపు వాడు పెట్టిన పోస్టు ఇలా ఉంది: సెట్టు నంబరు 7727, 1983, పన్నెండు వోల్టులు, ఫుల్ సెట్, వర్కింగ్, పైగా రెండు కిలోల చిల్లర ముక్కలు ఫ్రీ. నల్ల ఆవిరి ఇంజన్, ఎర్ర చక్రాలు, ఆరు ఫొటోలు. ధర పదహారు వేల ఐదొందలు. మోటార్ తిరిగే వీడియో పంపమన్నాను, "సార్, మేం టెస్ట్ చేసే పెడతాం సార్, ఈ రోజుకే ఇంకో ఇద్దరు అడిగారు" అన్నాడు. ఇంకో ఇద్దరు అడిగారనగానే నా బుర్ర పనిచేయడం మానేస్తాది, చేపల మార్కెట్లో కూడా ఇంతే. కొట్టేశాను డబ్బులు.

ఎనిమిదో రోజుకి పార్సిల్ వచ్చింది. అట్టపెట్టెలో పెట్టె, దాని లోపల బబుల్ కవర్, ఇంజన్ విడిగా, మోటార్ విడిగా, చెప్పానుగా, ప్యాకింగ్‌కి వంక లేదు. అరుగు మీద దుప్పటి పరిచి గుండ్రంగా పట్టాలు పేర్చాను, పదహారు వంపు ముక్కలకి ఒక చుట్టు. ఈ కాలం పట్టాలు ఇప్పటివాటిలా ఒకే ముక్కగా రావు, పట్టా వేరు, అడ్డ స్లీపర్ వేరు, ఒక్కొక్కటీ నొక్కి బిగించుకోవాలి, వేలు నొప్పెడతాది కానీ అదే మజా. మా మావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన చిన్న లైను మీద కీమేన్‌గా చేసి, పెద్ద లైనులో రిటైరయ్యాడు, రోజూ పట్టా వెంట నడిచి బోల్టులు చూసిన మనిషి.

కాసేపు చూసి అన్నాడు, "ఒరే, దీనికి కరెంటు ఎక్కడ్నుంచొస్తాదిరా?"

"మోటార్ ఉంది మావా."

"మోటార్ ఉంది సరే. పైన తీగ లేదు. కింద పట్టా చూస్తే ఒట్టి ప్లాస్టిక్కు. లోపల బ్యాటరీ కనిపించట్లేదు. మనిషిని పెట్టి తోయిస్తావా ఏటి?"

మోటార్ తిప్పి చూశాను. పొట్ట కింద కరెంటు అందుకునే రేకులు, పట్టాల మధ్యలో దేన్నో ఒరుసుకుంటూ పోవడానికి పెట్టినవి. ఆ మధ్యలో ఉండాల్సింది లేదు. పన్నెండు వోల్టుల రైలుకి రెండు పక్క పట్టాలతో పాటు నడిమిన ఇంకో పట్టీ ఉంటాది, దాని మీద రెండు లోహపు గీతలు, కరెంటంతా అందులోనే. అది లేకపోతే పక్క పట్టాలు బ్యాటరీ రైలుకీ దీనికీ ఒకటే, చూసి పోల్చలేం. ఇక పెట్టె అడుగున ఉన్న బుక్కు తీశాను, దాని మీద నంబరు 7722. అది 1985లో వచ్చిన బ్యాటరీ సెట్టు, అదీ నల్ల ఆవిరి ఇంజనే. అంటే ఏటయిందంటే, ఎవరింట్లోనో బ్యాటరీ సెట్టు పట్టాలు, బుక్కు, ఇంకెవరిదో పన్నెండు వోల్టుల మోటార్, రెండూ కలిపి ఒక ఫుల్ సెట్ చేసేశాడు. కావాలని చేశాడని నేననను, వాడికీ తెలీకపోయి ఉండొచ్చు, కానీ తెలీనివాడు వర్కింగ్ అని ఎలా రాశాడు?

ఫోన్ చేస్తే, "ఫొటోలో ఉన్నవే పంపాం కదా సార్" అన్నాడు. తీసి చూశాను, నిజమే, ఆరు ఫొటోల్లోనూ పట్టాల మధ్య దుప్పటి పువ్వులే కనిపిస్తున్నాయి, నేనే చూళ్ళేదు. అందుకే పూర్తిగా వాడి మీద తోసేయలేను. కానీ వర్కింగ్ అన్న మాట వాడిదే, దాని మీద పట్టుకున్నాను. రోజుకో మెసేజ్, పదకొండు రోజులు. చివరికి రెండు వేల ఐదొందలు వెనక్కేశాడు. మొత్తం తిరిగి పంపేస్తే ఫుల్ రిఫండ్ ఇస్తానన్నాడు గానీ పంపే ఖర్చు నాదంట, అప్పటికే ఇంజన్ నాకు నచ్చేసింది కూడా, మనసు రాలేదు.

ఫ్రీగా ఇచ్చిన రెండు కిలోల సంగతి ఒక మాటలో, సగం లెగోయే కాదు. ముక్క పైన బుడిపెలుంటాయి కదా, ప్రతి బుడిపె మీదా కంపెనీ పేరు చిన్న అక్షరాల్లో పోతపోసి ఉంటాది, గోరుతో రాస్తే తగుల్తాది. లేనివన్నీ ఒక కవర్లో వేసి పక్కింటి గుంటలకి ఇచ్చేశాను, వాళ్ళు హ్యాపీ.

ఇంజన్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. నలుపు ముక్కలు బాగున్నాయి, పెద్దగా గీతల్లేవు. వ్యాగన్ మీది బూడిద ముక్కలు ఒకే రంగులో లేవు, కొన్ని కాస్త పసుపు కలిసిన పాత బూడిద, నాలుగైదు మాత్రం నీలం కలిసిన బూడిద. ట్యూబ్‌లైట్ కింద తెలీదు, పొద్దున్నే అరుగు మీద పెడితే ఇట్టే తెలిసిపోతాది. లెగో వాళ్ళు బూడిద రంగుని 2004 ప్రాంతంలో మార్చారు, కాబట్టి నీలం కలిసింది 1983 సెట్టులో ఉండే ప్రసక్తే లేదు, ఎవరో తర్వాత అతికించారు. నడకకి ఏ నష్టం లేదు, కానీ ఒరిజినల్ అని చెప్పి ధర పెడితే మాత్రం అది ధర తగ్గించే మాట. ఇంకోటి, తెల్ల ముక్కలు పసుపెక్కడం. ఎండ పడిన పాత ప్లాస్టిక్కుకి ఇది మామూలే, మన ఇంట్లో పాత కూలర్ చూడండి. మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి గాజు గిన్నెలో మునిగేలా పోసి డాబా మీద ఎండలో పెట్టాను, గ్లౌజులేసుకుని. రెండు రోజుల్లో చాలావరకు తెల్లబడ్డాయి. స్టిక్కర్లున్నవీ అచ్చు బొమ్మలున్నవీ వేయకండి, నేను ఒకటి వేసి పాడుచేశాను. మా ఆవిడ ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

పట్టీ కోసం బ్రిక్‌లింక్‌లో వెతికాను, పాత లెగో ముక్కలు ఒక్కొక్కటీ విడిగా దొరికే సంత అది, 2019లో లెగో కంపెనీయే కొనేసింది. ఏ సెట్టులో ఏ ముక్క ఎన్ని ఉండాలో లిస్టు కూడా అక్కడే ఉంటాది, కొనకముందే నేను అది తెరిచి చూసుంటే ఈ కథంతా లేదు. జర్మనీ నుంచి ఒకాయన పదహారు వంపు పట్టీలు పంపాడు, పట్టీల ధర కన్నా పోస్టు ఖర్చు ఎక్కువ, ఐదు వారాలు పట్టింది. వచ్చిన రోజు మావకి ఫోన్ చేస్తే లుంగీ మీదే వచ్చేశాడు.

ఈ రైలుకి కరెంటిచ్చే లెగో వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ నా దగ్గర లేదు. ఇంట్లో పాత సెట్ టాప్ బాక్స్ అడాప్టర్ ఉంది, పన్నెండు వోల్టులు, డీసీ, దాని తీగ కోసి రెండు గీతలకీ చెరోటి తగిలించాను. స్విచ్ వేశాను. నలభై ఏళ్ళ మోటార్ ఒక్కసారి మూలిగి లేచింది చూడండి, ఒక పావు చుట్టు తిరిగిందో లేదో, వంపులో పక్కకి ఎగిరి మావ చెప్పు మీద పడింది. స్పీడు తగ్గించే మీట లేకుండా మొత్తం పన్నెండూ ఒకేసారి ఇస్తే అంతే మరి, చిమ్నీ ఊడింది, విరగలేదు. తర్వాత వైఫై రౌటర్‌ది తొమ్మిది వోల్టుల అడాప్టర్ పెట్టాను. ఇప్పుడు బుద్ధిగా తిరుగుతోంది. రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే వెనక్కి.

ఎలా నడుస్తాదంటే, శబ్దం ఉంటాది, గట్టిగానే, లోపల గేర్ల గరగర, పైన ఒక్కో అతుకు దగ్గర టక్ మని. కొత్త రైళ్ళలో ఆ టక్ ఇంత బాగా వినపడదు. మోటార్ చక్రాలకి రబ్బరు రింగులుంటాయి, రెండు ఎండిపోయి పగిలాయి, సైజు చూసుకుని మోటార్ల రిపేరు షాపులో ఓ-రింగులు తెచ్చి వేశాను, అప్పటిదాకా మూడు వ్యాగన్లు లాగలేక జారేది, ఇప్పుడు లాగుతోంది. మావ మోకాళ్ళ మీద కూర్చుని పట్టా అతుకుల మీద వేలుపెట్టి ఒక చుట్టు తిరిగాడు, ఒక దగ్గర ఆగి, "ఇక్కడ ఎత్తుగా ఉంది, దించు" అన్నాడు. దించాను. అక్కడే పట్టీ సరిగా ఆనక ఇంజన్ ఆగుతోంది, నేను గంట నుంచి మోటార్ విప్పి చూస్తున్నాను. తర్వాత స్కేలు తెమ్మని పట్టాల మధ్య కొలిచాడు, ముప్ఫై ఏడున్నర మిల్లీమీటర్లు. "మన చిన్న లైనుని ఇరవై వంతులు చేస్తే ఒక వంతురా ఇది" అన్నాడు, ఆయన మొహం చూడాలి.

ఇప్పుడు ఆ షాపులో మళ్ళీ కొంటానా అంటే కొంటాను, కానీ ఒక పద్ధతితో. పన్నెండు వోల్టులదంటే నడిమి పట్టీ ఫొటో, ముక్కలు లెక్కపెట్టి. తొమ్మిది వోల్టులదంటే తొమ్మిది వోల్టుల బ్యాటరీకి రెండు తీగలు కట్టి మోటార్ ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి ఆనించి తిరిగే వీడియో, అర నిమిషం పని, పంపనంటే వదిలేయడమే. పట్టాల మీద రేకు నల్లబడితే స్పిరిట్టుతో తుడిస్తే పోతాది, అది పెద్ద లోపం కాదు, తుప్పు అయితే లోపం. బ్యాటరీ సెట్టంటే సెల్స్ పెట్టే డబ్బా మూత తెరిచిన ఫొటో, లోపల తెల్లగా పచ్చగా బూజులా ఉంటే కారిపోయిందన్నమాట. అమెరికా నుంచి వచ్చిన సెట్టయితే ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది, మన గోడకి గుచ్చితే పొగే. యూరప్‌ది మన రెండు పిన్నుల సాకెట్లో పడతాది. బాక్సు ఉందా లేదా అని మాత్రం నేను అడగను, అట్టపెట్టెకి నాలుగు వేలు ఎక్కువిచ్చి అల్మారా మీద పెట్టుకునేవాళ్ళున్నారు, వాళ్ళ ఇష్టం, నా రైలు అరుగు మీద తిరగాలి.

ఇంక నాకు కావాల్సింది అసలు ట్రాన్స్‌ఫార్మర్, 7864, స్పీడు మీటతో. బరంపురం, శ్రీకాకుళం, రాయగడ ఎక్కడైనా సరే, ఎవరింటి అటక మీదైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. వచ్చేముందు పనిచేస్తున్న వీడియో అడుగుతాను, ఏమనుకోకండి.