విశాఖ నుంచి సముద్రం మీదికి: క్రూజా, అండమాన్ ఓడా?

విశాఖ రేవుకు వచ్చిన మొదటి ఓడ 'జలదుర్గ', ప్రయాణికుల ఓడే. అది 1933 అక్టోబరు 7న వచ్చింది. ఇప్పుడు మనవాళ్లు ఓడెక్కాలంటే రెండు దారులున్నాయి.

ఒకటి, అవుటర్ హార్బర్‌లో 2023 సెప్టెంబరులో ప్రారంభమైన అంతర్జాతీయ క్రూజ్ (విహార ఓడల) టెర్మినల్. సుమారు 96 కోట్లతో కట్టారు, దాదాపు 2 వేల మంది పట్టే ఓడలు నిలుస్తాయి. ఇమిగ్రేషన్, కస్టమ్స్, కూర్చోడానికి ఏసీ హాలు, అన్నీ ఒకేచోట. లోపల విమానాశ్రయంలా ఉంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తే టెన్షన్ ఉండదు. కానీ ఓడలే తక్కువ. సీజన్‌లో ఏదో ఒకటి వస్తేనే సందడి.

రెండోది అండమాన్ ఓడ. సుమారు 56 గంటల ప్రయాణం. బంక్ క్లాసులో వరసగా పడకలు, సామాను కాళ్ల దగ్గరే. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) స్థిరపడిన శ్రీకాకుళం, విశాఖ వాళ్లు ఎందరో. అందుకే గుడ్డతో మూతి కట్టిన ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకున్న అమ్మమ్మ ఒకరైనా కనిపిస్తారు. రేవు నుంచి సముద్రంలోకి వెళ్లే ఇరుకు కాలువలోంచి ఓడ మెల్లగా కదులుతుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ చేతికందేంత దగ్గరగా జరిగిపోతుంది. అప్పుడు డెక్ మీద ఎవరూ మాట్లాడరు. సముద్రంలోకి వెళ్లాక మాత్రం కడుపులో తిప్పుతుంది, వాంతులు రాకుండా మాత్ర తప్పనిసరి.

సౌకర్యం కావాలంటే క్రూజే. నేనైతే ఒక్కసారైనా అండమాన్ ఓడే ఎక్కమంటాను. ఆ టెర్మినల్ నుంచే ఈ ఓడలూ నడిపితే, గంటల తరబడి ఎండలో మూటలతో నిలబడేవాళ్లకు ఎంత మేలో!