జెబ్కో 33: అమ్మాయి కోసం తీసుకున్న రీలు నాన్నగారికీ పనికివచ్చింది

పిల్లలకు గాలం వేయడం నేర్పాలనుకునేవారు తొలి రీలును, అంటే గాలపు కర్రకు బిగించే దారం చుట్టే సాధనాన్ని, ఎంచుకునేటప్పుడు అది ఎంత దూరం విసురుతుందో, ఎంత పెద్ద చేపను ఆపగలదో చూస్తుంటారు. నేను మాత్రం, పెద్దవారి సాయం లేకుండా బిడ్డ తనంతట తానే ఎరను విసిరి, మళ్ళీ దారాన్ని చుట్టుకోగలదా లేదా అన్నదే ముందు చూస్తాను. చిక్కులు విప్పడంలోనే పొద్దంతా గడిచిపోతే నీటి మీద బెండు కదలికను గమనించే ఓపిక ఏ బిడ్డకూ మిగలదు. నాన్నగారి పక్కన కూర్చుని గాలం నేర్చుకున్న నేను, మా అమ్మాయికి నేర్పడం కోసం జెబ్కో 33ను తీసుకున్నాను. ఈ పనికి ఇంతకంటే తగిన రీలును నేను చూడలేదు.

దీని పనితీరు చాలా సరళమైనది. బెయిట్‌కాస్టర్ రకం రీలులో విసిరిన ఊపుకు దారపు చుట్ట కూడా గిర్రున తిరుగుతుంది. ఎర నీటిని తాకిన తరువాత కూడా ఆ చుట్ట ఆగకపోతే వదులైన దారమంతా పిచ్చుకగూడులా అల్లుకుపోతుంది. జెబ్కో 33లో విసిరేటప్పుడు చుట్ట కదలదు. దాని మీద లోహపు మూత ఉంటుంది. మూత ముందున్న రంధ్రం గుండా దారం వలయాలుగా జారిపోతుంది. వెనుకనున్న మీటను బొటనవేలితో నొక్కి పట్టి, కర్రను ముందుకు ఊపుతూ సరైన క్షణంలో వేలు తీసేస్తే చాలు. ఆ తరువాత పిడి తిప్పగానే లోపలి చిన్న పిన్ను దారాన్ని అందుకుని చుట్టడం మొదలుపెడుతుంది. బిడ్డ కుదుర్చుకోవలసిందల్లా ఆ వదిలే క్షణాన్నే: తొందరపడితే ఎర పైకి లేస్తుంది, ఆలస్యమైతే కాళ్ళ ముందే పడుతుంది.

గడియారాలు బాగుచేసే ఆర్.డి. హల్ ఈ ఆలోచనను అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం తుల్సాలో ఉన్న జీరో అవర్ బాంబ్ కంపెనీ వద్దకు తీసుకువెళ్ళాడు. చమురు బావులలో వాడే టైం బాంబులను తయారుచేసే ఆ సంస్థ 1949లో రీళ్ళ తయారీకి దిగింది, 1954లో 33ను విడుదల చేసింది. నాటి మూల సూత్రం నేటికీ మారలేదు.

నేను ఊహించని ఉపయోగం మా నాన్నగారి విషయంలో బయటపడింది. మామూలు స్పిన్నింగ్ రీలుతో విసరాలంటే దారాన్ని చూపుడువేలి కొసకు తగిలించుకుని, రెండో చేత్తో చుట్ట మీద దారాన్ని ఆపి ఉంచే తీగ కమ్మీని తెరవాలి. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి ఆ పని సాధ్యం కాక ఆయన గాలం పక్కన పెట్టేశారు. మనవరాలి రీలును మాత్రం బొటనవేలితో హాయిగా నొక్కగలిగారు. కొత్త నమూనాలలో పిడిని ఏ వైపుకైనా మార్చుకోవచ్చు. ఒక చేయి నొప్పిగా ఉన్నవారికి అది చిన్న సౌకర్యం కాదు. చేప దారాన్ని లాగినప్పుడు టిక్కుటిక్కుమని వినిపించే ఏర్పాటు కూడా ఉంది. దూరంగా ఉన్న బెండు సరిగా కనిపించని ఆయనకూ, చూపు ఊరికే పక్కకు మళ్ళే పిల్లకూ ఆ శబ్దం సమానంగా ఉపయోగపడుతోంది.

అయితే దీనికి హద్దులున్నాయి. మూత రంధ్రం దగ్గర దారానికి రాపిడి కలుగుతుంది కాబట్టి తేలికైన ఎరలను స్పిన్నింగ్ రీలు విసిరినంత దూరం ఇది విసరలేదు. వదులు దారాన్ని అలాగే చుట్టేస్తే మూత కింద మెలికలు పడతాయి. అందుకే చుట్టడం మొదలుపెట్టేటప్పుడు దారాన్ని రెండు వేళ్ళ మధ్య మెత్తగా పట్టుకోవడం పిల్లలకు మొదటినుంచే అలవాటు చేయాలి. పది పౌండ్ల లాగుడును తట్టుకునే నైలాన్ దారం దీనితోపాటే వస్తుంది. పెద్దగా తెలియని చేతులకు అది సరిపోతుంది గాని, నైలాన్ ఎండకు పాడై చుట్ట ఆకారంలోనే బిగుసుకుంటుంది కనుక ఏటా మార్చడం మంచిది. సన్నని అల్లిక దారం ఈ రకానికి నప్పదు, సందుల్లోకి దూరిపోతుంది. బలమైన చేపలు పరుగెత్తే సముద్రానికి నేను దీన్ని సూచించను.

రీలు కర్రకు పైన కూర్చుంటుంది కాబట్టి, చూపుడువేలు ఆనించడానికి కింద కొక్కెం ఉన్న క్యాస్టింగ్ కర్రనే ఎంచుకోవాలి. పిల్లలకు అయిదడుగుల పొడవు చాలు. గాలపు కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేస్తే పొరపాటున వేలికి గుచ్చుకున్నా తేలికగా వస్తుంది, చేపను వదిలిపెట్టడమూ సులువవుతుంది. వీలుంటే రెండు రీళ్ళు తీసుకోండి. మా ఇంట్లో ఒక్కటే ఉన్నన్నాళ్ళూ తాతా మనవరాళ్ళలో ఎవరో ఒకరు తమ వంతు కోసం కూర్చోవలసి వచ్చేది.