ఆరు సీజన్లు వాడాక: ఆర్టీమియాకు డీహెచ్ఏ పట్టించే ఎమల్షన్

పండుగప్ప లార్వాల (గుడ్డు నుంచి వచ్చిన పసి పిల్లల) పెంపకంలో ఈ చేపనూనె ఎమల్షన్‌ను, అంటే నీళ్లలో సన్నని బిందువులుగా కలిసే నూనెను, ఆరు సీజన్లుగా వాడుతున్నాను. అంతకుముందు లార్వాలకు సజీవ మేతగా వేసే ఆర్టీమియాను (ఉప్పునీటిలో బతికే, రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవిని) పొదిగించి, కడిగి, నేరుగా వేసేవాణ్ని. లార్వాల పొట్టలు నారింజ రంగులో నిండుగా కనిపించేవి కాబట్టి మేతలో లోపం ఉందని తోచలేదు. కానీ ట్యాంకు మార్చిన ప్రతిసారీ చాలా పిల్లలు వెల్లకిలా తేలేవి. మెదడుకూ కంటికీ అవసరమైన డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఆర్టీమియాలో దాదాపు ఉండదు. సముద్రపు చేపల లార్వాలు దాన్ని చాలినంతగా సొంతంగా తయారు చేసుకోలేవు. కడుపు నిండుతోంది, ఒంటికి పట్టవలసింది పట్టడం లేదు.

ఎమల్షన్ మొదలుపెట్టిన సీజనులో ఒకే తడవ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను రెండు ట్యాంకుల్లో పెంచి, ఒకదానికే ఎమల్షన్ పట్టించిన, అంటే ముందుగా దాన్ని తినిపించిన, ఆర్టీమియా వేశాను. వలలో ఎత్తి మరో ట్యాంకులో వదిలిన రోజున తేడా కళ్లకు కట్టింది. పట్టించిన ఆర్టీమియా తిన్న పిల్లలు నీళ్లు తగలగానే ఈదుకుంటూ వెళ్లిపోయాయి.

అయితే సీసా కన్నా వేళే ముఖ్యం. అప్పుడే పొదిగిన నాప్లీకి (ఆర్టీమియా పిల్లకు) నోరు తెరుచుకోదు, సొన మీదే బతుకుతుంది. సుమారు 8 గంటలకు పొర విడిచి రెండో దశకు చేరాకే కణాలను మింగుతుంది. అంతకన్నా ముందే పోసిన నూనె నీటిని పాడుచేస్తుంది, అంతే. నేను 28 డిగ్రీల దగ్గర, మిల్లీలీటరుకు 200 నాప్లీలకు మించకుండా ఉంచి, లీటరుకు 0.3 గ్రాముల ఎమల్షన్ వేస్తాను. 12 గంటల తర్వాత మళ్లీ అంతే. నీళ్లలో కలిపి మిక్సీలో బాగా తిప్పాలి, లేకపోతే నూనె తెట్టు కడుతుంది. రెండో మోతాదు తర్వాతే ఆక్సిజన్ పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఆ రాత్రంతా కాపలా ఉండవలసిందే.

24 గంటలు పట్టించిన నాప్లీ చాలా పెరిగిపోతుంది, చిన్న నోటి లార్వాలకు అది పట్టదు. అందుకే ఆర్టీమియా మొదలుపెట్టిన తొలి రోజుల్లో పట్టించని తాజా నాప్లీలే వేస్తాను. లార్వాలకు మేతగా వేసే మరో సూక్ష్మజీవులైన రోటిఫర్లకైతే ఇదే ఎమల్షన్‌తో కొద్ది గంటలు చాలు. మోతాదు మించితే మాత్రం అవి నూనెకు అంటుకుని ముద్ద కడతాయి.

నురగ, జిడ్డు, వాటితోపాటు పెరిగే విబ్రియో అనే హానికర బ్యాక్టీరియా ఈ పద్ధతిలో నిజమైన బెడద. నురగ పూర్తిగా పోయేదాకా శుభ్రమైన నీటితో కడగకుండా ఒక్క గిన్నెడు కూడా ట్యాంకులో వేయను. కడిగాక ఆలస్యమూ పనికిరాదు. ఆకలితో ఉన్న ఆర్టీమియా తనలోని డీహెచ్ఏను ఈపీఏ అనే మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లంగా మార్చేసుకుంటుంది. వెంటనే వేయలేని భాగాన్ని చల్లటి నీటిలో గాలి కొట్టిస్తూ ఉంచుతాను.

సీసా మీద మొత్తం కొవ్వు శాతం రాశారు, డీహెచ్ఏ ఎంతో రాయలేదు. కొనేవాళ్లకు మొదట తెలియవలసింది అదే కదా! పైగా మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో ఉంచినా కొన్ని వారాలకు ముక్కవాసన వేస్తుంది. అలా మారినదాన్ని ఒకసారి వాడి, ఆ తడవ పిల్లలు మందకొడిగా మారడం చూశాను. వచ్చే సీజనుకూ ఇదే కొంటాను, కానీ చిన్న సీసాలే.