బ్లాక్ రాడ్, సార్జెంట్ ఎట్ ఆర్మ్స్: ఎవరి దర్జా ఎక్కువ?

మన అసెంబ్లీల్లో గొడవ ముదిరితే మార్షల్స్ వస్తారు. లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటులో ఆ పని ఎగువ సభ అయిన ప్రభువుల సభలో బ్లాక్ రాడ్ అనే అధికారిది, దిగువ సభ అయిన కామన్స్ సభలో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అనే అధికారిది.

చూడముచ్చటైన తతంగమంతా బ్లాక్ రాడ్‌కే దక్కింది. పార్లమెంటు ప్రారంభోత్సవం నాడు రాజుగారి ప్రసంగానికి ఎంపీలను పిలవడానికి నల్లకర్ర పట్టుకుని కామన్స్ దాకా వస్తే, ముఖం మీదే ధడాలున తలుపేస్తారు. కర్రతో మూడుసార్లు కొడితే గానీ తీయరు. 1642లో రాజు మొదటి చార్లెస్ అయిదుగురు సభ్యులను అరెస్టు చేయడానికి సభలోకి చొరబడ్డాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదన్నమాట! 2018లో ఈ పదవి తొలిసారి ఒక మహిళకు, సారా క్లార్క్‌కు దక్కింది.

సార్జెంట్ పదవి 1415 నాటిది. నడుముకు కత్తి, భుజాన గద, స్పీకర్‌కు ముందు నడక, అంతే. చూడ్డానికి చప్పగా ఉన్నా, నా ఓటు మాత్రం ఇటే. ఎందుకంటే రాజు అధికారానికి గుర్తైన ఆ గద బల్లమీద లేకపోతే సభే సాగదు. 2018 డిసెంబరులో బ్రెగ్జిట్ ఓటింగ్ వాయిదా వేశారని మండిపడ్డ ఎంపీ లాయిడ్ రసెల్ మోయిల్ గద ఎత్తుకుని బయల్దేరితే, సిబ్బంది ఆపి వెనక్కి తీసుకున్నారు.