పోర్టబుల్ డ్రైవ్‌తో మ్యూజిక్ సీడీల బ్యాకప్: చాలాకాలం వాడాక నా మాట

నా దగ్గరున్న పాటల సీడీలన్నీ పోర్టబుల్ సరంజామాతోనే డిజిటల్‌లోకి ఎక్కించాను. యూఎస్‌బీతో నడిచే స్లిమ్ సీడీ డ్రైవ్ ఒకటి, మామూలు ల్యాప్‌టాప్, ఫైళ్లు దాచడానికి జేబులో పట్టే ఎస్ఎస్‌డీ. అంతే. డెస్క్‌టాప్‌లో బిగించే పెద్ద డ్రైవ్ లేకపోతే కాపీ నాణ్యంగా రాదని చాలామంది అనుకుంటారు. ఇంతకాలం వాడాక నాకు అలా అనిపించడం లేదు. పెద్ద డ్రైవ్ వేగంగా చదువుతుంది, నిజమే. కానీ అసలు ముఖ్యం, తీసిన ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడం. ఆ పని ఏ డ్రైవ్‌తోనైనా చేయాల్సిందే.

పాటల సీడీ, డేటా సీడీ ఒకటి కావు. డేటా సీడీలో ప్రతి సెక్టార్‌కీ (డిస్క్ మీది ఒక చిన్న ముక్క) అదనంగా ఎర్రర్ కరెక్షన్, అంటే తప్పులు దిద్దే సమాచారం ఉంటుంది, చదవలేకపోతే కాపీ ఆగిపోతుంది కాబట్టి మనకు తెలిసిపోతుంది. పాటల సీడీలో 2,352 బైట్ల సెక్టార్ మొత్తం సంగీతానికే పోతుంది. దిద్దలేని తప్పు వస్తే పక్కనున్న శాంపిల్స్‌ని (ధ్వని కొలతల్ని) బట్టి అంచనా వేసి ఆ ఖాళీని పూరిస్తారు. పాట వింటున్నప్పుడు అది మేలే. కాపీ తీసేటప్పుడు మాత్రం ఆ అంచనాయే ఫైల్లో నిలిచిపోతుంది, ఎక్కడ జరిగిందో కూడా తెలీదు.

అందుకే విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. మ్యాక్ వాళ్లకు ఎక్స్ఎల్‌డీ ఉంది. సెక్యూర్ మోడ్‌లో పెడితే అనుమానం వచ్చిన చోట మళ్లీ మళ్లీ చదువుతుంది. తర్వాత ఆ ట్రాక్ చెక్‌సమ్‌ని (అందులోని డేటా నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు సంఖ్య), అదే సీడీని ఇతరులు తీసినప్పుడు అక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో చేరిన చెక్‌సమ్‌లతో పోల్చి చూపిస్తుంది. ఎక్కడో ఎవరో వేరే డ్రైవ్‌తో తీసిన కాపీ, నా కాపీ ఒకటేనని తేలితే ఇక ఆ ట్రాక్ గురించి టెన్షన్ లేదు. మొదట్లో ఒక్కసారి డ్రైవ్ రీడ్ ఆఫ్‌సెట్ (చదవడం మొదలుపెట్టే చోటులో ఒక్కో డ్రైవ్‌కి ఉండే చిన్న తేడా) మాత్రం సెట్ చేసుకోవాలి.

స్లిమ్ డ్రైవ్‌కి అసలు ఇబ్బంది కరెంటుతోనే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లే. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో చాలా డ్రైవ్‌లకు అది చాలదు. డిస్క్ తిరగబోయి ఆగుతుంది, టక్కుమని చప్పుడు, మళ్లీ తిరగబోతుంది. స్క్రీన్ మీద డ్రైవ్ ఐకాన్ వచ్చి మాయమవుతుంది. డ్రైవ్ పాడైందని అప్పుడే పక్కన పడేయకండి. 900 మిల్లీఆంపియర్లు ఇచ్చే యూఎస్‌బీ 3 పోర్టుకు పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి, లేదా రెండు ప్లగ్గులున్న వై కేబుల్ తీసుకోండి. నా డ్రైవ్ వై కేబుల్ పెట్టాక మధ్యలో ఎప్పుడూ డిస్‌కనెక్ట్ కాలేదు.

గీతలు పడ్డ డిస్కుల దగ్గర ఓపిక కావాలి. చెడ్డ చోటు రాగానే మోటారు శబ్దం ఒక్కసారిగా దిగిపోతుంది, లెన్స్ ముందుకీ వెనక్కీ జరుగుతున్న టిక్ టిక్ వినిపిస్తుంది, ప్రోగ్రెస్ బార్ కదలదు. అప్పుడు ఆపేసి, డిస్క్ తీసి, కాస్త తడిపిన మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడుస్తాను. గుండ్రంగా తుడవకూడదు. పాట కూడా గుండ్రంగానే రాసి ఉంటుంది కాబట్టి ఆ దిశలో పడ్డ గీత ఒకే చోట పొడుగ్గా డేటాను మింగేస్తుంది. అడ్డంగా పడ్డ గీత కొంచెం కొంచెమే చెడగొడుతుంది, దాన్ని డ్రైవ్ దిద్దుకోగలదు. నన్ను బాగా సతాయించిన ఒక ఆల్బమ్‌లో చివరి ట్రాక్ తుడిచినా రాలేదు, వేరే పాత డ్రైవ్‌లో పెడితే మొదటిసారే చెక్‌సమ్ కలిసింది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది, అందుకే రెండోది దగ్గరుంటే మంచిది. లేబుల్ వైపు గీతలకు మాత్రం మందు లేదు. అద్దంలా మెరిసే పొర ఆ వైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే సూది బెజ్జాలు కనిపిస్తే ఆ చోట పాట పోయినట్టే.

ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లు ఉంటే ముందు వాటి పని చూడండి. వాటిలోని రంగు పొర కాలంతో వెలిసిపోతుంది. మనమే కూర్చుకున్న పాటలు డేటాబేస్‌లో దొరకవు కాబట్టి టెస్ట్ అండ్ కాపీ (ఒకే ట్రాక్‌ని రెండుసార్లు చదివే ఆప్షన్) పెట్టి రెండు చెక్‌సమ్‌లూ కలిశాయో లేదో చూసుకోవాలి.

ఫార్మాట్ విషయంలో నాకు రెండో ఆలోచనే లేదు, నాణ్యత తగ్గకుండా సైజు తగ్గించే ఫ్లాక్. గంట పాటలు సీడీ మీద దాదాపు 635 ఎంబీ, ఫ్లాక్‌లో సుమారు సగానికి దిగుతాయి, ఒక్క బిట్టు కూడా పోదు. ఫైల్లోనే ఆడియో ఎండీ5 (ఒక రకం చెక్‌సమ్) ఉంటుంది, కొన్నేళ్ల తర్వాత కూడా చెడిందో లేదో పరీక్షించవచ్చు. కావాలంటే దాన్నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఎక్కువ టైమ్ తిన్నది పేర్లే. తెలుగు ఆల్బమ్‌లకు పాటల పేర్లిచ్చే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఒకే గాయని పేరు మూడు ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో వస్తుంది, లేదా అసలు రాదు. ఫ్లాక్ ట్యాగులు (ఫైల్లో ఉండే పాట, గాయకుల వివరాలు) యూనికోడ్‌లోనే ఉంటాయి కాబట్టి నేను అన్నీ తెలుగులోనే టైప్ చేశాను. ఫోన్లో చక్కగా కనిపిస్తాయి, వెతకడం కూడా తేలికైంది. కొన్ని కారు స్టీరియోల్లో అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి, కారు కోసం ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచాను.

రిప్ లాగ్‌ని (కాపీ ఎలా వచ్చిందో సాఫ్ట్‌వేర్ రాసే నివేదిక) ప్రతి ఆల్బమ్ ఫోల్డర్‌లోనే దాచండి. ఎస్ఎస్‌డీ ఒక్కటీ బ్యాకప్ కాదు, ఇంకో హార్డ్ డిస్క్‌లో రెండో కాపీ ఉంచి, దాన్ని వేరే చోట పెట్టాను.